అన్ని బావులూ ఒకే లోతు

శ్రీరంగప్పకు అన్నీ పొట్టిగా ఉండాలి. సంతకం పొట్టి, పాఠం పొట్టి, ఎదుటివాడు నోరు తెరిస్తే ఓపిక ఇంకా పొట్టి. క్లాసులో ఎవరైనా బోర్డు మీద లెక్క చేస్తుంటే మూడో వరుస దాకా ఆగి, "చాల్లేప్పా, జవాబు చెప్పు" అనేవాడు. అనంతపురంలో మా కాలేజీ గణితశాఖకు ఆయన పెద్ద. నేను ఆయన కింద లెక్చరర్ని, పేరు ఈశ్వరప్ప. ఆయన ముక్కుపొడి పీల్చి, ఆ వేళ్ళతోనే నా కాగితాలు తిరగేసేవాడు. నేను ఎంత శుభ్రంగా రాసినా ప్రతి సమీకరణం పక్కనా ఒక గోధుమరంగు మరక మిగిలేది.

అరవై ఆరులో, వరుసగా రెండో ఏడు కూడా వాన మొహం చాటేసింది. ఎక్కడ చూసినా బావులు తవ్వుతున్నారు. వీడు తవ్వితే వాడి బావి ఎండిపోతోందని గెనిమ గట్ల మీద తలలు పగలగొట్టుకుంటున్నారు. మా పీఠభూమిలో మట్టి తీస్తూ పోతే రెండు నిలువుల లోతుకే రాయి తగులుతుంది. అక్కడి నుంచి తూటాలు పేల్చాల్సిందే. ఆ తూటాలవాళ్ళు ప్రభుత్వం పంపితేనే వస్తారు. కొత్త బావి పాత బావికి ఎంత దూరంలో ఉంటే వాళ్ళను పంపాలి అన్నది తేల్చడానికి బావుల కమిటీ అని ఒకటి వెలిసింది. దూరానికి శాస్త్రప్రకారం ఒక సూత్రం కావాలని కమిటీవాళ్ళు శ్రీరంగప్పను అడిగారు. ఆయన పెద్దమనిషి తరహాగా తల ఊపి వచ్చి, పని మొత్తం నా నెత్తిన వేశాడు.

నేను కాదనలేదు. కాదనలేని కారణం నాకుంది. మా అక్క రామక్కది నల్లమాడ దగ్గర పల్లె. అక్కా, మా బావ నల్లప్పా కలిసి తమ చేనులో సొంతంగా తవ్వుకుంటూ రాయి దాకా వెళ్ళి ఆగిపోయి ఉన్నారు. పక్క చేను పుల్లన్నది. అందులో ఆయన బావి ఉంది, ఆయిలింజను పెట్టిన లోతు బావి. ఆ బావికీ అక్క గుంతకూ నడుమ ఉన్న దూరం చాలునో చాలదో కమిటీ చెప్పేదాకా తూటాలవాళ్ళు రారు. ఎండలు ముదిరేలోగా నీళ్ళు పడకపోతే ఎద్దుల్ని అమ్ముకుని బెంగళూరుకు రోడ్డు పనికి పోవడమే వాళ్ళకు మిగిలింది.

ఈ సంగతి శ్రీరంగప్ప దగ్గర దాచలేదు.

"మా అక్క బావి గూడా దీని మీదనే ఉండాది సార్" అన్నాను.

"అయితే బిరీన చెయ్యప్పా" అన్నాడాయన. "పొట్టిగా చెయ్."

ఒకే బావికైతే సూత్రం చిన్నదే. నీళ్ళు తోడితే చుట్టూ నేలలో నీటిమట్టం ఎంత దూరం దాకా కిందికి జారుతుందో చెప్పడానికి ఒక వరుస చాలు. పక్కన రెండో బావి ఉంటే దాని వరుసను దీని వరుసతో గుణించాలి. మూడోది ఉంటే ఆ వచ్చినదాన్ని మళ్ళీ గుణించాలి. చేతులతో చేస్తే ఒక జన్మ చాలదు. బెంగళూరులో ఒక కార్ఖానావాళ్ళ దగ్గర లెక్కల మిషన్ ఉందనీ, ఆదివారాలు కార్ఖానా మూసినప్పుడు బయటివాళ్ళకు కాసేపు ఇస్తారనీ తెలిసి, ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి ఆ కాసేపు సంపాదించాను.

అందరూ ఆ మిషన్‌కు అంకెలిచ్చి అంకెలు రాబట్టేవారు. నాకు కావలసింది అది కాదు. లోతుకు ఒక అక్షరం, దూరానికి ఒక అక్షరం, మట్టి గుణానికి ఒక అక్షరం ఇచ్చి, అక్షరాల్లోనే సూత్రం రాబట్టాలి. అప్పుడే అది బెళుగుప్ప బావికీ పనికొస్తుంది, నల్లమాడ బావికీ పనికొస్తుంది. మిషన్‌కు అక్షరాలు గుణించడం రాదు. ఎలా గుణించాలో, వచ్చిన ముక్కల్ని ఎక్కడ పెట్టుకోవాలో, మెట్టు మెట్టుగా ప్రోగ్రాం రాసి, అట్టముక్కల మీద చిల్లులు కొట్టించి, ఒక రేకు పెట్టెలో వేసుకుని రైలెక్కాను.

మిషన్ గదిలోకి చెప్పులతో పోకూడదు. లోపల చలి. బీరువాల్లా నిలబడ్డ ఆ మిషన్ వేడెక్కకుండా గోడల వెంట గొట్టాల్లో రోజంతా చల్లనీళ్ళు పారుతున్నాయి. మా అక్క బిందెడు నీళ్ళ కోసం పొద్దున్నే బయల్దేరి ఎండ నెత్తికెక్కాక ఇంటికి చేరుతోంది. ఇక్కడ ఇనప బీరువాకు స్నానం చేయిస్తున్నారు. ఆ చలిగాలి నాకు హాయిగా తగిలినందుకు నా ఒంటి మీద నాకే రోత పుట్టింది.

మిషన్ నడిపే కుళ్ళాయప్ప గోరంట్ల మనిషి. నా కార్డులు దాని నోట్లో పెట్టాడు. అది కాసేపు గరగరలాడి ఆగిపోయి, జాగా లేదని ఒక్క ముక్క అచ్చు కొట్టింది.

మిషన్‌కు కూడా మెమరీ అని ఒక కొట్టు ఉంటుంది. అందులో ఇన్ని గళ్ళు అని లెక్క. ఒక గడిలో ఒక ముక్కే పడుతుంది. నా సూత్రం మొదట చిన్నది. చివరకు కొట్టివేతలన్నీ అయ్యాక కూడా చిన్నదే అవుతుందని నాకు తెలుసు. కానీ నడుమ అది ఉబ్బుతుంది. పది ముక్కలు వందవుతాయి, వంద ముక్కలు వేలవుతాయి. ఒకదాన్నొకటి కొట్టేసుకునే ఘట్టం రాకముందే గళ్ళు నిండిపోయి మిషన్ చేతులెత్తేస్తుంది.

అనంతపురం తిరిగి వచ్చి ఈ మాటే శ్రీరంగప్పకు చెప్పాను. ఆయన నా కాగితాల కట్టను వేలితో పక్కకు నెట్టాడు.

"ఇంత పొడుగెందుకు వస్తాంది?"

"బావుల లోతులు వేరేవేరేగా ఉంటాయి గదా సార్. లోతుల తేడాకు ఒక అక్షరం పెట్టినాను. దాంతోనే ముక్కలు పెరుగుతాండాయి."

"ఆ అక్షరం తీసెయ్. అన్ని బావులూ ఒకే లోతనుకో."

"అట్ల యాడుండాయి సార్?"

"లెక్కలో ఉండాయి" అని ముక్కుపొడి డబ్బీ మూత తీశాడు.

మాట కాదనలేక, మరుసటి ఆదివారం అలాగే చేశాను. నిజమే, కొట్టు పదో వంతు కూడా నిండలేదు. జవాబు ఒకే వరుస వచ్చింది. మా జిల్లా మట్టి గుణం వేసి చూస్తే, ఏ బావైనా మరే బావికైనా రెండు వందల గజాల దూరం ఉండాలట. చూడముచ్చటగా ఉన్న ఆ వరుసను చూసి నాకు ఒళ్ళు మండింది. మా జిల్లాలో కొట్లాటంతా ఎక్కువ తక్కువల మీదే కదా. ఒకడు ఇంజను పెట్టి పాతాళం దాకా పోతాడు, ఇంకొకడు ఎద్దులతో కపిలె తోలి నీళ్ళు తోడుకునేంత లోతుకే ఆగుతాడు. ఆ తేడానే తీసేస్తే ఇంక మిగిలేది బావుల లెక్క కాదు, శ్రీరంగప్ప సోమరితనం. మెమరీ ఆదా చేయడం అంటే ఇబ్బంది పెట్టే నిజాన్ని పెట్టెలోంచి తీసి బయట పారేయడం అయితే, దానికి మిషన్ ఎందుకు? ఆ పని మనుషులే చక్కగా చేస్తారు.

"కమిటీ కూడేదానికి ఇంకా టైముంది సార్. తేడా తీసేయకుండా జాగా మిగిలిస్తాను, చూడండి" అని పట్టుబట్టాను.

"నీ కర్మ" అన్నాడాయన.

ఉబ్బిన ముక్కల్ని కాగితాల మీద పరచుకుని చూస్తూ కూర్చున్నాను. చూడగా చూడగా ఒకటి కళ్ళబడింది. అవే ముక్కలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. ఒకే గుంపు ముక్కలు ఇక్కడొకసారి, అక్కడొకసారి, ప్రతిసారీ కొత్త గళ్ళు ఆక్రమించి కూర్చుంటున్నాయి. ఇంటింటికీ బావి తవ్వినట్టుంది నా ప్రోగ్రాం. మా పల్లెల్లో అంత భోగం ఎవరికుంది? పొత్తు బావి ఒకటి ఉంటుంది, నలుగురైదుగురు వంతుల మీద తోడుకుంటారు. అలాగే ఆ గుంపును ఒక్కచోటే పెట్టి, అది కావలసిన ప్రతిచోటా అది ఉన్న గడి నంబరు మాత్రం రాసి ఉంచితే సరిపోతుంది. కొట్టు ఖాళీగా ఉండాలంటే పని అయిపోయిన గుంపును చెరిపేయాలి కూడా. ఎవరు చెరపాలి? దాన్ని మొదట పుట్టించిన చోటే, తన పని కాగానే చెరపాలి అని రాశాను. అందులో ఆలోచించడానికి ఏముందో కూడా నాకు తోచలేదు.

కార్డులు మార్చుకుని మళ్ళీ బెంగళూరు వెళ్ళాను. ఈసారి మిషన్ ఆగలేదు. గరగరలాడుతూ చివరిదాకా పోయి జవాబు అచ్చు కొట్టింది. కుళ్ళాయప్ప నా వీపు మీద చరిచాడు. నేను అక్కడే గోడకానుకుని, సూత్రంలో అక్క గుంత లోతూ పుల్లన్న బావి లోతూ వేసి చూశాను. తోడేకొద్దీ నీళ్ళు పెరుగుతాయట. పెరిగి పెరిగి నేల మీదికి నలభై అడుగులు లేస్తాయట.

"మీ ఊర్లో నీళ్ళకు కరువు లేదే అన్నా" అన్నాడు కుళ్ళాయప్ప.

నవ్వే ఓపిక నాకు లేదు. ఆ కాగితాన్ని ఉండ చుట్టి జేబులో కుక్కుకున్నాను. ఎక్కడ తప్పిందో తెలియలేదు. గుణకారం తప్పలేదు, కూడిక తప్పలేదు. అనంతపురం పోయి శ్రీరంగప్ప మొహం చూడబుద్ధి కాక, హిందూపురంలో రైలు దిగి బస్సెక్కి అక్క ఊరికి పోయాను.

మధ్యాహ్నం దాటింది. అక్క ఇంట్లో లేదు. చేనులో గుంత దగ్గర ఉంటుందని అటు నడిచాను. దారిలో పుల్లన్న చేను అంచున పాత పొత్తు బావి ఉండాలి. చిన్నప్పుడు అక్కను చూడవచ్చినప్పుడల్లా నేను ఈత కొట్టిన బావి అది. బావి లేదు. ఆ చోట రాళ్ళ గుట్ట ఉంది. గుట్ట పైన కంపచెట్లు కొట్టి పడేశారు. కపిలె తోలే దారి మాత్రం పల్లంగా అలాగే ఉంది. ఎద్దులు ముందుకీ వెనక్కీ నడిచి నడిచి అరగదీసిన దారి.

అక్క గంప నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చింది. నేను గుట్టను చూస్తూ నిలబడటం చూసి ఆగింది.

"ఎప్పుడొచ్చినావురా? దీన్నేం చూస్తాండావు?"

"ఇది ఎవురు పూడ్సినారక్కా?"

"ఎవురేమి, పుల్లన్నే. ఆయన ఇంజను బావి తవ్వుకున్యాడు గదా, ఇంక దీంతో పనిలేదని రాళ్ళు పోయించినాడు. మాకు దీంట్లో వారానికి రెండు దినాలు వంతు ఉండె. పెద్ద చెన్నప్పోళ్ళకు రెండు దినాలు ఉండె. మా పని కాలేదు గదన్నా, ఇప్పుడే పూడ్సొద్దు అని కాళ్ళు పట్టుకున్యా. తవ్వించింది మా తాత, నా పని అయిపాయ, పూడ్సేది నా ఇష్టం అన్యాడు."

"ఊర్లో ఎవురూ అడగల్యా?"

"ఏమని అడుగుతారప్పా? తవ్వినోనిదే బావి. ఎప్పుడూ ఉండే న్యాయమే గదా."

పుట్టించినవాడే, తన పని కాగానే చెరపాలి. నా చేత్తో నేను రాసిన నియమం అది. బెంగళూరు చలిగదిలో, అంత పెద్ద మిషన్ పొట్టలో, పుల్లన్నను కూర్చోబెట్టి వచ్చాను. ఒక చోట పుట్టిన గుంపును ఆ చోటు తన పని చూసుకుని చెరిపేసింది. దాని మీద ఆధారపడ్డ మిగతా చోట్లు ఆ గడి నంబరు పట్టుకుని వెళ్ళి చూస్తే, అక్కడ ఇంకేదో చెత్త ఉంది. ఆ చెత్తనే నీళ్ళనుకుని తోడుకున్నాయి. నలభై అడుగులు లేచిన నీళ్ళు అవే.

వేరే దేశంలోవాడు ఎవడైనా ఈ ప్రోగ్రాం రాస్తే ఈ తప్పు చేసేవాడో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ఈ నేల మీద పుట్టి ఈ న్యాయం తిని పెరిగినవాణ్ణి. నియమం రాసేటప్పుడు చెయ్యి దానంతట అదే అటు పోయింది. పుల్లన్నను చూసి అసహ్యపడటం సులువు. ఆయన నా చేతివేళ్ళలో కూడా ఉన్నాడని తెలిసినప్పుడు నేల మీద ఉమ్మేయడం తప్ప ఏం చేయాలో తోచలేదు. ఉమ్మేశాను.

"ఏమిరా, ఒంట్లో బాగలేదా?" అంది అక్క.

"బాగుండాదక్కా. సంగటి ఉంటే పెట్టు, పని ఉండాది."

ఊరిబిండి పచ్చడి నంజుకుని సంగటి తిని, అరుగు మీద కూర్చుని ప్రోగ్రాం దిద్దాను. దిద్దవలసింది కొంచెమే. గుంపును ఎవరు పుట్టించారన్నది అక్కర్లేదు. దాన్ని ఇంకా ఎందరు వాడుకుంటున్నారన్నదే కావాలి. ఒకరు కొత్తగా వంతుకు వస్తే ఒకటి కలపాలి, ఒకరు చాలిస్తే ఒకటి తీసేయాలి. లెక్కలో ఎవరూ మిగలనప్పుడే, ఆఖరున చాలించినవాడు చెరపాలి. ఈ లెక్క రాసుకోవడానికి మళ్ళీ గళ్ళు ఖర్చయితే చేసిందంతా దండగ. ప్రతి గడి చివరా ఒక అంకె చోటు ఊరికే పడి ఉందని గుర్తొచ్చి, లెక్కను అందులో ఇరికించాను. ఆ సాయంత్రం అక్క పెట్టిన సంగటి ఎంత రుచిగా ఉందో చెప్పలేను. ఆ మొత్తం వ్యవహారంలో నాకు రోత పుట్టించని పూట అదొక్కటే.

తర్వాతి ఆదివారం కుళ్ళాయప్ప కార్డులు వేశాడు. మిషన్ చివరిదాకా పోయింది. కొన్ని గళ్ళు మిగిలాయి కూడా. లోతుల తేడా అక్షరం చెక్కుచెదరకుండా సూత్రంలో ఉంది. అర పేజీ జవాబు. లోతులు వేసి చూశాను, తెలిసిన బావుల కొలతలు వేసి చూశాను, అన్నీ సరిపోయాయి. దాని అర్థం ఏ రైతుకైనా రెండు మాటల్లో చెప్పొచ్చు. తక్కువ లోతు బావి లోతు బావి పక్కన ఉన్నా లోతు బావికి లెక్కపెట్టేంత నష్టం లేదు. లోతు బావే వచ్చి తక్కువ లోతు బావి పక్కన చేరితే దాన్ని మింగేస్తుంది. దూరం పాటించాల్సింది పెద్దదే కానీ చిన్నది కాదు. అక్క బావికి ఏ అడ్డమూ లేదు.

ఈ సూత్రం వాడాలంటే రెండు బావుల లోతూ తెలియాలి. తాడుకు రాయి కట్టి లోపలికి వదిలితే తెలుస్తుంది.

శ్రీరంగప్ప అర పేజీ మొత్తం చదివాడు. మొదటిసారి మూడో వరుస దాటాడు. "బాగ చేసినావప్పా" అన్నాడు. నేను ఎంత వెర్రివాణ్ణంటే, ఆ మాటకు పొంగిపోయాను.

కమిటీ అనంతపురంలో ఒక హాల్లో కూడింది. అధ్యక్షుడు వెంకటరాముడు, రిటైరైన ఇంజనీరు. బల్ల మీద మైసూరుపాకులూ, కారబ్బూందీ, ఇత్తడి గ్లాసుల్లో కాఫీ. కరువు మీద కూర్చున్న కమిటీకి నేతికి కొదవలేదు. రైతుల తరఫు సభ్యుడు ఎవరా అని చూస్తే, ధర్మవరం జరీ పంచె కట్టుకుని పుల్లన్న కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి పెళ్ళివారి మనిషిని చూసినట్టు తల ఊపాడు.

శ్రీరంగప్ప లేచి మిషన్ గురించి మొదలుపెట్టాడు. అంతవరకూ ఆ మిషన్ గడప తొక్కనివాడు, దాని పొట్టలో పుట్టినట్టు మాట్లాడాడు.

"మిషన్లో జాగా చాలకపోతే మేము ఏం చేసినామో తెల్సునా? మన రైతుల పొత్తు బావి పద్ధతి పెట్టినాము. బావి ఒకటే, వాడుకునేటోళ్ళు నలుగురు. ఆఖరు మనిషి చాలించేదాంక ఎవురూ దాన్ని పూడ్సరు. మన పల్లెల ధర్మం అది. అదే మిషన్‌కు నేర్పినాము."

హాలంతా మెత్తబడింది. ఎవరో శెబాష్ అన్నారు. పుల్లన్న చెయ్యెత్తి, "అవు సార్, మా పల్లెలో గూడా అట్లే" అన్నాడు.

చేతిలో కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టాను. లేచి నిలబడ్డాను.

"పొత్తు బావి పూడ్సింది ఈయనే సార్. రాళ్ళు ఇంగా ఆడనే ఉండాయి. కావాలంటే పోయి చూడండి."

వెంకటరాముడు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఊరి గలాటాలు ఈడ వద్దప్పా" అన్నాడు. పుల్లన్నకు కోపం కూడా రాలేదు. "చదువుకున్యోడు, రగతం ఉడుకు" అని నవ్వి, మైసూరుపాకుల పళ్ళెం నా వైపు జరిపాడు. దాని మీద ఒక ఈగ వాలింది. ఆయన దాన్ని కూడా తోలలేదు.

"సరే, దూరం ఎంతో ఒక నంబరు చెప్పండి. పొద్దు పోతాంది" అన్నాడు వెంకటరాముడు.

శ్రీరంగప్ప నా అర పేజీ తీస్తాడని చూస్తున్నాను. ఆయన తీయలేదు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రెండు వందల గజాలు అని రాశాడు.

"సార్, అది అన్ని బావులూ ఒకే లోతనుకుంటేనే!" అన్నాను. "మిషన్లో జాగా లేనప్పుడు అనుకున్య మాట అది. ఇప్పుడు జాగా ఉండాది. అసలు జవాబు వచ్చింది."

"వచ్చింది, నేను చూడల్యా?" అన్నాడాయన ఓపిగ్గా. "మిషన్లో జాగా ఉండాది. చేన్లకు పోయి కొలిచే ఓవర్సియర్ల తలకాయల్లో ఉండాల గదప్పా."

"తలకాయతో పనిలేదు సార్. ఒక తాడు, ఒక రాయి. రెండు బావుల్లోనూ దింపితే లోతు తెలుస్తుంది. ఏది లోతో అది దూరం పోవాల. అంతే."

"ఓవర్సియర్లు తాళ్ళు భుజానేసుకుని తిరగాలనా నువ్వు చెప్పేది?" అన్నాడు వెంకటరాముడు. అందరూ నవ్వారు. పుల్లన్న అందరికంటే ఆలస్యంగా నవ్వాడు, అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. "వాళ్ళ చేతిలో టేపు ఉండాది. టేపు చాలు."

కాఫీ చల్లారకముందే రెండు వందల గజాలు ఖాయమైంది.

మెట్ల మీద శ్రీరంగప్ప నా భుజం తట్టాడు. "నీ పొత్తు పద్ధతి ఉత్తది పోదప్పా. మిషన్లోళ్ళకు శానా పనికొస్తుంది. ఇద్దరి పేర్లతో ఒక వ్యాసం రాసి పంపుదాం. నా పేరు ముందుంటే తొందరగా ఒప్పుకుంటారు" అని ముక్కుపొడి డబ్బీ నా ముందు చాపాడు. డబ్బీలో ఆయన గోటి గీతలు కనిపించాయి. నేను ఏమీ అనకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాను. ఏమైనా అని ఉంటే ఇన్నేళ్ళ తర్వాత ఇంత చేదుగా ఉండేది కాదేమో. ఆ వ్యాసం ఆయన రాసి పంపాడనీ, మిషన్లవాళ్ళు మెచ్చుకున్నారనీ తర్వాత విన్నాను.

ఓవర్సియరు టేపు పట్టుకుని అక్క చేనుకు వచ్చాడట. పుల్లన్న బావి ఒడ్డు నుంచి అక్క గుంత ఒడ్డు దాకా కొలిచాడట. రెండు వందల గజాలకు కొంచెం తగ్గింది. రెండిట్లో దేనిలోకీ తొంగి కూడా చూడకుండా టేపు చుట్టుకుని, పుల్లన్న ఇంట్లో మజ్జిగ తాగి వెళ్ళిపోయాడట. ఇదంతా బావ కాలేజీకి వచ్చి గేటు బయటే నిలబడి చెప్పాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

సెలవు పెట్టి ఊరికి పోయాను. అక్క ఇంటి ముందు ఎద్దులు కట్టే గుంజలు రెండూ ఖాళీగా ఉన్నాయి. వాటికి తాళ్ళు వేలాడుతున్నాయి. బావ మూటలు కడుతున్నాడు, తలెత్తలేదు. అక్క మాత్రం చేనులో గుంతలో ఉంది. గడ్డపార పట్టుకుని రాతి మీద పొడుస్తోంది. పొడిచిన చోట పిడికెడు పొడి రాలుతోంది. బెంగళూరు బస్సు వచ్చేలోగా ఆమె ఎందుకు పొడుస్తోందో నేను అడగలేదు.

గట్టున నా నీడ పడగానే తలెత్తి చూసింది.

"వచ్చినావా. మీ మిషన్ ఏం చెప్పిందిరా?"

"నీ బావి తవ్వుకోవచ్చు అని చెప్పిందక్కా. నీ బావితో పుల్లన్నకు ఏమీ నష్టం లేదంట. ఆయన బావితోనే నీకు నష్టమంట."

"అంత సరిగ్గా చెప్పిందా?"

"చెప్పింది."

"మరి వాళ్ళేమన్యారు?"

"పొడుగైంది అన్యారు."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. గడ్డపార రాతికి ఆనించి, నన్ను కాదు, పుల్లన్న ఇంజను చప్పుడు వస్తున్న వైపు చూసింది.

"అయితే ఆ మిషన్నే రమ్మను" అంది. "వచ్చి తూటా పెట్టమను."